కమలాపురంలో ఆగిన తేదీ

ఉద్యోగకాలమంతా కలిపి నేను రాసిన ప్రోగ్రాముల్లో నిజంగా బాగా పనిచేసింది ఒక్కటే. అది బాగా పనిచేయడం మొదలుపెట్టాక నాకు మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు "సార్, మీరు చేసినవాటిలో మీకు బాగా నచ్చిందేది" అని అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంటాను. ఈసారి తప్పించుకోకుండా చెబుతాను. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. రైతులకు సబ్సిడీ మీద విత్తనాలు అమ్మే ఒక ప్రభుత్వ సంస్థలో పనిచేసేవాణ్ణి. కర్నూలులో పెద్దాఫీసు, కర్నూలు, కడప జిల్లాల్లో డిపోలు. అక్కడ చాలామందికి వేరుశనగే పంట, వేరుశనగకు వానే దిక్కు. వాన పడి నేల తడిసినప్పుడు ఆ తడి ఆరకముందే విత్తనం వేయాలి. ఆ తడినే పదును అంటారు. పదును ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఆకాశంలో మబ్బు కనపడగానే డిపోల ముందు జనం బారులు తీరేవారు. తోపులాట లేకుండా డిపోలకు కంప్యూటర్లిచ్చి, రైతు పేరు ఎక్కించి, టోకెన్ చీటీ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ కంప్యూటర్లను చూసుకునే మనిషిని నేను.

మాది ఆ ప్రాంతం కాదు, గోదావరి వైపు. నా భార్య పోయిన ఏడాది, ఎవరూ కోరుకోని కర్నూలు బదిలీని నేనే అడిగి తీసుకున్నాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఆగి ఓదార్చే ఊళ్ళో ఉండలేకపోయాను. నన్నెవరూ ఎరగని చోటికి పోతే బాగుంటుందనుకున్నాను. నా కోరిక పూర్తిగా తీరింది. పిల్లలు లేరు, అద్దెకు ఒక గది ఉంది, ఆఫీసులో గోడౌను వెనక ఒక కంప్యూటరు గది ఉంది. ఈ రెండు గదుల మధ్య సైకిలు. సెలవు రోజుల్లో కొండారెడ్డి బురుజు దాకా నడిచి, అక్కడ చేయడానికేమీ లేక మళ్ళీ నడిచి వచ్చేవాణ్ణి.

మొదట్లో కొత్త ప్రోగ్రాం వచ్చినప్పుడల్లా దాన్ని సీడీల్లో పట్టుకుని బస్సుల్లో తిరిగేవాణ్ణి. ఓర్వకల్లులో దిగితే రాళ్ళగుట్టల సెగకు కళ్ళు మండేవి. బనగానపల్లెకు మామిడికాయల రోజుల్లో వెళితే ఉత్త చేతులతో పంపేవారు కాదు. తర్వాత డిపోలకు ఫోన్ లైన్లు వచ్చాయి. కర్నూలులో కూర్చునే అన్ని డిపోలకూ ప్రోగ్రాం పంపడానికి ఒక సాధనం రాశాను. దాంతో నా బస్సు ప్రయాణాలు ఆగిపోయాయి, మామిడికాయలూ ఆగిపోయాయి. కానీ మాట మిగిలింది. ఎందుకంటే సాయంత్రం ప్రతి డిపోకూ ముందు నేను ఫోన్ చేసి "తీసుకోవచ్చా" అని అడగాలి. అవతలి మనిషి సరే అన్నాక ఫోన్ పెట్టేస్తే, అదే తీగ మీద రెండు కంప్యూటర్లు కలుసుకునేవి. వాళ్ళ ఆనాటి లెక్క ఇటు వచ్చేది, ఇక్కడి మార్పులు అటు వెళ్ళేవి.

కమలాపురం డిపో లైన్లు వచ్చాక తెరిచింది. అందుకని ఆ ఊరు నేను చూడలేదు, అక్కడి ఆపరేటర్ని కూడా చూడలేదు. గొంతు మాత్రం తెలుసు. మంచి బరువైన గొంతు. మొదటి రెండు వారాలు "సార్" అన్నాడు, ఆ తర్వాత తనే మానేశాడు.

"ఏమప్పా, బువ్వ తిన్యావా?" అని మొదలుపెట్టేవాడు.

"ఇంకా లేదండీ."

"పొద్దుగూకినాక గూడా తినకపోతే ఎట్లప్పా? ఒంటి మనిషివి, ఎవురు జూస్తారు నిన్ను?"

రోజు మొత్తంలో నేను తిన్నానా లేదా అని అడిగే మనిషి ఆయనొక్కడే. పాపాఘ్ని ఏట్లో నీళ్ళొచ్చాయని, ఆవు ఈనిందని, ఇంటావిడ సంగట్లోకి ఊరుబిండి పచ్చడి నూరిందని చెప్పేవాడు. చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. పర్మనెంటు చేస్తామని ఆయన ఫైలు హైదరాబాదు పంపారు. ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో వారం వారం నాకు చెప్పేవాడు, మన ఊరి బస్సు ఎక్కడి దాకా వచ్చిందో చెప్పినట్టు. మా ఆఫీసు టైపిస్టు అమ్మాయి ఒకసారి అననే అంది: "సార్, ఫోన్లో నవ్వుతారు, ఈడ మాతో నవ్వరు. మా మీదేమన్నా కోపమా?"

అప్పుడప్పుడు మాత్రం ఆయన "ఈ పూట వద్దప్పా, రేపు తీసుకో" అనేవాడు. తక్కిన డిపోల వాళ్ళూ అప్పుడప్పుడు అలాగే అనేవారు. జనం ఎక్కువగా ఉన్నారు కాబోలు అనుకుని నేను ఆ డిపోను వదిలేసి మర్నాడు తీసుకునేవాణ్ణి. ఎందుకు వద్దంటున్నారని ఎప్పుడూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మా పెద్ద సార్ పత్తికొండ వైపు రైతు ఇంట్లో పుట్టిన మనిషి, కోపిష్టి, కానీ చెడ్డవాడు కాదు. ఒక సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి నేను ఫోన్లో మాట్లాడేదంతా విన్నాడు.

"ఏమయ్యా, ఆవు ఈనిన సంగతి గూడా మన ప్రోగ్రాంలో ఉండాదా?" అన్నాడు. "ఒక్కో డిపోకు ఇంతింత సేపు మాట్లాడితే ఎట్ల? అడిగేది లేకుండా దానంతట అదే జరిగేటట్టు చెయ్యి."

చేశాను. నాకు పని చేతనవును, అదే నా ఖర్మ. ఆ సాధనానికి కొత్త వెసులుబాట్లు చేర్చాను. మొత్తం పంపకుండా మారిన ఫైళ్ళు మాత్రమే పంపడం ఒకటి. ఇక్కడ తీసేసిన ఫైలును అక్కడా తీసేయడం ఇంకొకటి. అన్నిటికన్నా నేను ముచ్చటపడి రాసింది మూడోది: ఒకే ఫైలు రెండు చోట్లా ఉంటే, తేదీ చూసి, ఏది కొత్తదైతే దాన్నే రెండు చోట్లా ఉంచడం. ఇక మనిషిని అడగాల్సిన పని లేదు. చీకటి పడగానే కర్నూలు కంప్యూటరు తనే ఒక్కో డిపోకు ఫోన్ కలుపుతుంది, తనే సర్దుతుంది, తనే పెట్టేస్తుంది. పెద్ద సార్ చూసి భుజం తట్టాడు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ మంచి కొలతలతో.

ఆ తర్వాత సాయంత్రాలు ఎలా గడిచాయో మీకు చెప్పినా తెలియదు. గదిలో మోడెం కీచుమని అరిచేది, ఆగేది, మళ్ళీ అరిచేది. ఇప్పుడు కమలాపురంతో మాట్లాడుతోంది అని తెరమీద కనపడేది. నేను కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. ఊరికే ఫోన్ చేసి పలకరించవచ్చు కదా అంటారేమో. పని లేకుండా ఫోన్ చేసి "బాగున్నారా" అనడం నాకు చేతకాదు. ఆయన కూడా పెద్దాఫీసుకు ఊరికే ఫోన్ చేయగల మనిషి కాదు. పని అనే వంక పోయేసరికి ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయి. నా భార్య పోయాక ఇల్లు ఎలా అనిపించిందో, ఆ గది మళ్ళీ అలాగే అనిపించింది.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది, వచ్చి ఒకేసారి దంచింది. వర్షంతోపాటు కడప జిల్లాలో చాలాచోట్ల కరెంటు పోయింది. ఒక ఉదయం నేను ఆఫీసుకు వెళ్ళి తాళం తీస్తుంటే లోపల ఫోన్ మోగుతోంది.

"సార్, కమలాపురం నుంచి."

గొంతు ఆయనదే. కానీ సార్ అన్నాడు. ఏదో జరిగిందని అప్పుడే తెలిసింది.

"నిన్న ఇచ్చిన టోకెన్లు ఒగటి గూడా కంప్యూటర్లో లేవు సార్. చీటీలు రైతుల చేతుల్లో ఉండాయి. నెంబరు కొడితే అట్లాటిది లేనే లేదంటాది. డిపో నిండా జనం. కంప్యూటర్లో లేకుండా విత్తనం మూట గడప దాటించేదానికి లేదు. పదును పోతాంది సార్."

లైన్లో లోపమేమో అనుకుని వెతికాను. లైను బాగానే ఉంది. రాత్రి నా సాధనం తన పని తాను చక్కగా చేసింది. కమలాపురంలో ఉన్న ఫైలు పాతదని తేల్చి, దాని మీద కర్నూలు ఫైలును పెట్టింది. నిన్నంతా పని జరిగిన ఫైలు పాతది ఎలా అవుతుంది?

"మీ కంప్యూటర్లో ఇవాళ తేదీ ఎంత ఉంది?" అన్నాను.

వెనక జనం గోల వినపడుతోంది.

"మొన్నటిది సార్," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. టోకెన్ ఇచ్చిన రోజే విత్తనం ఇవ్వాలని, రోజు దాటితే ఆ టోకెన్ చెల్లదని మా ప్రోగ్రాంలో రూలు. పైనుంచి వచ్చిన రూలే, నేను రాసిందే. మధ్యాహ్నం కరెంటు పోతే పొద్దుట్నుంచి నిలబడ్డ రైతు మర్నాడు మళ్ళీ మొదట్నుంచి నిలబడాలి. అందుకని డిపోల వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. కరెంటు పోయిన మర్నాడు కంప్యూటర్లో తేదీని ముందురోజు దగ్గరే ఆపి పెడతారు. నిలబడ్డవాళ్ళందరికీ మూటలు అందాక తేదీని ముందుకు జరుపుతారు. అన్ని డిపోల్లోనూ ఇదే పని. కమలాపురంలో నిన్న కూడా మూటలు అందకముందే కరెంటు పోయి, చీకటి పడ్డాకే వచ్చింది. తేదీ ఆపిన రోజు సాయంత్రం లెక్క కర్నూలుకు పోతే తికమకవుతుందని వాళ్ళకు తెలుసు. అందుకే నేను ఫోన్ చేసినప్పుడు "ఈ పూట వద్దు" అనేవారు. నేను అడగడం మానేశాను. వద్దనడానికి వాళ్ళకు చోటు లేకుండా పోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"ఏమని చెప్పేది సార్? గవర్నమెంటు కంప్యూటర్లో తేదీ మారుస్తాండామని ఎవురన్నా చెప్పుకుంటారా? ఈ సంగతి పైకి పోయిందంటే నా ఫైలు అట్నే మూసేస్తారు. ఉత్తర్వులు ఈ నెల్లోనే వస్తాయంటాండారు."

దాటిపోయిన తేదీ మీద టోకెన్లు మళ్ళీ ఎక్కించాలంటే పెద్ద సార్ అనుమతి కావాలి, ఆ తేదీని నేను అక్కడికి వెళ్ళి నా చేత్తో తెరవాలి. పెద్ద సార్ గదిలోకి వెళ్ళి, రాత్రి నా సాధనం కమలాపురం ఫైలును చెరిపేసిందని మాత్రం చెప్పాను.

"అదెట్లయ్యా?"

"అక్కడి కంప్యూటర్లో తేదీ తప్పుంది సార్. లోపలి బ్యాటరీ అయిపోయినట్టుంది."

నా ముఖం కాసేపు చూశాడు. "జీపు తీసుకోని పో. ముందు విత్తనాలు ఇప్పియ్యి. బ్యాటరీ సంగతి తర్వాత జూద్దాం," అన్నాడు. పదును అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

నంద్యాల, మైదుకూరు దాటి కమలాపురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడవునా పక్క చేలల్లో గొర్రులు కట్టి విత్తుతున్నారు. డిపో ముందు మాత్రం జనం కూర్చునే ఉన్నారు. గొంతు విని భారీ మనిషని ఊహించుకున్నాను. మెడలో తువ్వాలు వేసుకున్న బక్కపలచని మనిషి ఎదురొచ్చాడు.

"నువ్వేనా అప్పా?" అన్నాడు. వెంటనే సర్దుకుని "రాండి సార్" అన్నాడు.

"అప్పా అంటేనే బాగుందండీ," అన్నాను. అంతకు మించి మాట్లాడుకునే తీరిక లేదు.

నేను పాత తేదీ తెరిచాను. ఆయన చీటీ చూసి చదవడం, నేను ఎక్కించడం. రైతులు రొండిన దోపుకున్న చీటీలు తీసి ఇస్తున్నారు. కొన్ని వానకు తడిసి అంకెలు అలుక్కుపోయాయి. ఒక పెద్దావిడ చీటీలో నీలం మరక తప్ప ఏమీ లేదు. ఏం చేయాలో తోచక నేను ఆగిపోయాను. వరసలో ఎండకు నిలబడలేక వాళ్ళు చెప్పులు పెట్టి నీడకు పోతారట. ఎవరి చెప్పుల వెనక ఎవరి చెప్పులున్నాయో అందరికీ గుర్తే. "ఆ యమ్మ చెప్పులు నా ముందర ఉండాయి సార్, తెగిన వారుకు పిన్నీసు పెట్టింటాది," అన్నాడు వెనకాయన. ముందాయన అవునన్నాడు. ఆ మాట మీద వాళ్ళిద్దరి మధ్య నెంబరు ఆవిడకు ఎక్కించాను. మరకలైన చీటీలన్నీ అలాగే తేల్చాం. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు, ఒక్కరు కూడా తగువు పడలేదు.

పొద్దు వాలేలోపు చివరి మూట బండెక్కింది. ఆయన ఇంటి నుంచి సంగటి తెప్పించాడు. గోడౌను అరుగు మీద కూర్చుని ఇద్దరం తిన్నాం. నా భార్య పోయాక పక్కన మనిషి ఉండగా నేను తిన్న మొదటి అన్నం అదేనేమో. మాట్లాడుకున్నది తక్కువే. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాకు ఏడుపొచ్చింది. డ్రైవరు చూడనట్టు రోడ్డు కేసి చూశాడు.

నేను బ్యాటరీ అని రాసిన రిపోర్టు పైకి వెళ్ళింది. పైవాళ్ళు దాన్ని నమ్మలేదు. ఏ డిపోలో ఎవరు తేదీ మార్చారు, ఎందుకు మార్చారు, లిఖితపూర్వకంగా చెప్పమని అన్ని డిపోలకూ సర్క్యులర్ వచ్చింది. అది చూడగానే కమలాపురానికి నేనే ఫోన్ చేశాను. పని లేకుండా నేను చేసిన మొదటి ఫోన్ అది.

"మీరేమీ రాయకండి. బ్యాటరీ అయిపోయిందని రాయండి చాలు. అందరూ అదే రాస్తారు. నేను కూడా అదే రాశాను."

"అందరమూ బ్యాటరీ అని రాస్తే ఏమైతాది అప్పా?"

"ఏమీ కాదు. మీ ఉద్యోగం మీకుంటుంది."

"బ్యాటరీలు పంపిస్తారు," అన్నాడు. "వచ్చే యేడు మళ్ళా కరెంటు పోతాది, మళ్ళా తేదీ ఆపాల. ఎవురో ఒగరు ఉన్నదున్నట్టు చెప్పకుంటే టోకెను గడువు ఎట్ల పెంచుతారు? అడగందే అమ్మయినా పెట్టదు గదా."

"మీ ఫైలు?"

"ఫైలుకేమప్పా, ఇన్నేండ్లు లేకుండానే బతికినా."

అన్ని డిపోల్లోకీ ఆయనొక్కడే ఉన్నదున్నట్టు రాశాడు. తేదీ నేనే మార్చాను, రైతుల వరస పోకూడదని మార్చాను, టోకెను మర్నాడు కూడా చెల్లేటట్టు చేస్తే ఇక మార్చే పని ఉండదు అని. ఆ కాగితం పట్టుకుని పెద్ద సార్ హైదరాబాదు వెళ్ళాడు. రూలు మార్పించుకుని వచ్చాడు. టోకెన్ మూడు రోజులు చెల్లేటట్టు నేనే ప్రోగ్రాం మార్చాను, నేనే అన్ని డిపోలకూ పంపాను. తేదీ మార్చినవాడి ఫైలు మాత్రం మూసేశారు. కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. "ఆయన్ను గూడా కాపాడాలని శానా జూసినానయ్యా, రెండూ ఇయ్యలేదు వాళ్ళు," అన్నాడు పెద్ద సార్. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

అప్పుడు నేను ఆ సాధనానికి ఇంకో వెసులుబాటు చేర్చాను. ఫైళ్ళు కలిపే ముందు డిపో తెర మీద "తీసుకోవచ్చా?" అని అడుగుతుంది. కింద సరే, వద్దు అని రెండు మీటలు. వద్దు నొక్కితే ఆ రోజుకు ఆ డిపోను ముట్టుకోదు, కర్నూలులో నాకు చెబుతుంది, నేను ఫోన్ చేసి ఎందుకని అడగాలి. "గడువు పెంచినాం గదా, ఇదేంటికి ఇంకా?" అన్నాడు పెద్ద సార్. ఉండనివ్వండి సార్ అన్నాను. ఉండనిచ్చాడు.

పిల్లలూ, మీరిప్పుడు రాసేవి నా దానికన్నా వెయ్యి రెట్లు గొప్పవి, నాకు తెలుసు. మనిషిని అడగకుండా జరిగే పని ఎంత హాయో కూడా నాకు తెలుసు. ఒక మెట్టు తీసేసే ముందు, ఆ మెట్టు మీద ఎవరైనా కూర్చుని ఉన్నారేమో చూడమని మాత్రం చెబుతాను. నేను చూడలేదు.

రిటైరయ్యే ముందు ఏడాది ఒకసారి కమలాపురం వెళ్ళాను. పనేమీ లేదు, బస్సెక్కి వెళ్ళాను, అంతే. ఆయన ఒక షావుకారి ఎరువుల కొట్లో బిల్లులు కొడుతున్నాడు. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. టీ తెప్పించాడు. పర్మనెంటు మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"రైతులకు ఇప్పుడు తిప్పలు లేవప్పా," అన్నాడు. "కరెంటు పోయినా ఇంటికి పోయి మర్నాడు వస్తాండారు. నువ్వు ఆ అడిగేది పెట్టినావంట గదా, సరేనా వద్దా అని. ఎవురన్నా వద్దంటాండారా?"

"లేదండీ. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా వద్దనలేదు. అవసరమే పడలేదు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే నీకు మాట్లాడేదానికి ఎవురూ లేరన్నమాట," అన్నాడు.

కడప బస్సుకు వేళయిందని లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"పోతే పోనీలేప్పా బస్సు. ఈ పొద్దుకు ఈడ్నే పండుకో."

ఆ బస్సు వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.